నీళ్ళలో ఉన్నది ఎవరు?

ఆమెను పట్టించింది అల్లుడే. ఇందులో వాదనకు తావు లేదు.

బాప్తిస్మం వీడియో తీయించింది అతను, పంపింది అతను. ఎవరికీ చూపించవద్దని కింద ఒక ముక్క రాశానంటాడు. ఆ ముక్క ఎవరు చదివారు? స్వదేశంలో సంఘం పెద్దలు ఆదివారం ఆరాధనలో గోడంత తెర మీద వేసి చూపించారు. జనం చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు. పాటల బృందంలోని పిల్ల ఒకతె దాన్ని ఫోనులో పట్టి, వెనక పాట తగిలించి, స్టేటస్ పెట్టుకుంది. అక్కడి నుంచి అది చేతులు మారి, సముద్రం దాటి, బయలుదేరిన ఊరికే తిరిగొచ్చింది.

నీళ్ళలో మునిగి లేచిన టైలరమ్మ సోమవారం నుంచి పనికి రాలేదు. ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు.

ఈ దేశంలో, పుట్టుకతో వచ్చిన మతాన్ని విడిచిపెట్టడం నేరం. విడిపించినవాణ్ణి విమానం ఎక్కించి పంపేస్తారు, అంతటితో అతని కథ అయిపోతుంది. విడిచిన మనిషిని మాత్రం ఇంటివాళ్ళకు అప్పగిస్తారు. తలుపులు వేసుకున్నాక ఇంటివాళ్ళు ఏం చేశారని పోలీసులు అడగరు, ఇరుగుపొరుగు అడగరు.

ఈ సంగతి ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు అల్లుడు. తెలిసే పంపాడు.

పెద్దాయనను ఇంట్లో కండక్టర్ తాత అంటారు. ఆ పేరు పెట్టింది మనవరాలు పిట్ట. చిన్నప్పుడు ఆయన సంచీ మెడలో తగిలించుకుని "రైట్, రైట్" అంటూ ఇల్లంతా తిరిగేది, ఆ పిలుపు అలాగే నిలిచిపోయింది. పదవీ విరమణ దాకా బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. ఎవణ్ణీ ఊరికే నమ్మడు. భార్య పోయాక ఒంటరిగా ఏం తింటాడోనని కూతురు ఈ దేశానికి వెంటబెట్టుకుని తెచ్చింది. సువార్త సేవ అల్లుడిది, సేవకురాలు కూతురు, తను మాత్రం సామానుతో పాటు వచ్చినవాణ్ణని ఆయన లెక్క.

ఆ మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తియ్యకుండానే చల్లారిపోయింది. అల్లుడు చొక్కా వేసుకుంటూ టైలరమ్మ ఉండే వీధి దాకా వెళ్ళి చూసొస్తానన్నాడు. వీధిలో నిలబడి ఏం చూస్తారని కూతురు అడిగింది. కిటికీలో దీపమైనా కనపడుతుందేమోనన్నాడు. పట్టపగలు దీపమేమిటని ఆవిడ అంది. అతను బొత్తాలు తప్పుగా పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"వెళ్ళండి అయ్యగారూ," అన్నాడు తాత. అల్లుణ్ణి సంఘంవాళ్ళు పిలిచినట్టు అయ్యగారూ అన్నాడంటే ఒళ్ళు మండిందని అర్థం. "ఆమె ఇల్లు ఎక్కడో తెలియనివాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలుంటే, మిమ్మల్ని చూసి వాళ్ళూ తెలుసుకుంటారు."

"మామయ్యగారూ, నేను కావాలని చేశానా? వచ్చిన దగ్గర్నుంచీ ఫలం ఏది, ఎందరు నమ్ముకున్నారు అని పెద్దలు అడుగుతూనే ఉన్నారు. ఏదో ఒకటి చూపించాలి కదా."

"మీ ముఖం చూపించాల్సింది. ఆమె ముఖం దేనికి?"

అల్లుడు చెప్పులు వేసుకున్నాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళాడు. ఈ మధ్య ఆ ఇంట్లో అందరూ తలుపులు అలాగే వేస్తున్నారు.

కూతురు వెనక గదిలోకి పోయింది. ఆ గదిలో రెండు కుట్టు మిషన్లు. ఈ దేశంలో వాళ్ళు చెప్పుకున్న పని కుట్టు నేర్పడం. టైలరమ్మ మిషను మీద ముసుగు కప్పి ఉంది. కూతురు రెండో మిషను ముందు కూర్చుని, పాత దుప్పటి ముక్క మీద దారం కూడా ఎక్కించకుండా తొక్కుతోంది. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలి.

అప్పుడే బడి నుంచి వచ్చిన పిట్ట బూట్లు విప్పుతోంది. తలుపు మీద ఎవరో అరచేత్తో కొట్టారు.

మామూలుగా వచ్చేవాళ్ళు గంట నొక్కుతారు. తాత పిట్టను వెనక్కి జరిపాడు. గొలుసు తగిలించి తలుపు బెత్తెడు తీశాడు.

బయట ఒక మనిషి. ముప్పై దాటి ఉండవు. కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నాయి. వేళ్ళ మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. తాతకు చూడగానే తెలిసింది. టైలరమ్మకు ఒక్కడే అన్న, వెల్డింగు పని చేస్తాడని ఆమె చాలాసార్లు చెప్పింది. ఆ అన్న పెట్టిన తిండి తిని పెరిగానని కూడా చెప్పింది.

అతను ఏదో అన్నాడు. ఈ దేశపు భాషలో తాతకు వచ్చింది ధరలు అడగడం, దండం పెట్టడం. ఇంకే దారీ లేక పిట్టను పిలిచాడు. అది వచ్చి ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. పదమూడేళ్ళ పిల్ల. ఈ ఇంట్లో అందరికంటే ఈ భాష దానికే బాగా పట్టుబడింది.

"తలుపు తియ్యమంటున్నాడు తాతా. అరవనంటున్నాడు."

తాత గొలుసు తీశాడు. తియ్యకపోతే మెట్ల మీద నిలబడే మాట్లాడతాడు, పై వాటావాళ్ళు వింటారు. ఆ మనిషి గుమ్మం దాటలేదు. ఫోను తీసి వీడియో పెట్టి తాత ముఖం ముందు పట్టుకున్నాడు.

వెనక వరండా. పచ్చ పలకల గోడ. నీలం రంగు పెద్ద నీళ్ళ తొట్టి. అల్లుడి చెయ్యి. తెల్లబట్టలో ఒక ఆడమనిషి వీపు. ఆమె మునిగింది, లేచింది, తడి జుట్టు ముఖమంతా కప్పేసింది. కెమెరా వైపు తిరిగినప్పుడు చెంప ఒక్క క్షణం కనిపించింది. ఆ క్షణం దగ్గర అతను వేలితో నొక్కి ఆపాడు.

"ఇది మీ ఇల్లేనా అంటున్నాడు."

పచ్చ పలకలు ఆ గుమ్మంలోంచే కనిపిస్తున్నాయి.

"అవునని చెప్పు."

పిట్ట చెప్పింది. ఆ మనిషి మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"నీళ్ళలో ఉన్నది ఎవరు అంటున్నాడు తాతా."

టిక్కెట్టు లేనివాడు సీటు కింద దాక్కున్నప్పుడు బస్సంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టేది. ఆ నిశ్శబ్దం ఆయనకు తెలుసు. ఇప్పుడు సీటు కింద ఉన్నది తనే.

"మీ అమ్మ అని చెప్పు."

పిట్ట తలెత్తి చూసింది.

"చెప్పు."

అది చెప్పింది. రెండు మాటలు చెప్పమంటే చాలాసేపు చెప్పింది. అంతసేపు ఏం చెప్పావని తాత పళ్ళ బిగువున అడిగాడు. వాళ్ళ భాషలో అలాగే ఉంటుందని అది గొణిగింది.

ఆ మనిషి వీడియోను మొదటికి తిప్పాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ముంచే ముందు అల్లుడు పేరు పెట్టి పిలుస్తాడు. అది మనవాళ్ళ పద్ధతి. నమ్ముకుని నీళ్ళలో దిగిన మనిషి పాత పేరుతో దిగి కొత్త పేరుతో లేస్తుంది. టైలరమ్మ వేరే పేరు ఏదీ వద్దంది. తనను మిషను దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి పేరే కావాలంది. కూతురు ఏడుస్తూ తన పేరు ఆమెకు ఇచ్చేసింది.

ఆ పేరు కూతురికి పెట్టింది తాత భార్య. కడుపులో ఉండగానే పెట్టుకుంది. దాన్ని పరాయి మనిషికి చీర పెట్టినట్టు పెట్టేశావేమని ఆయన ఆ రోజు నుంచి కూతురితో సరిగ్గా మాట్లాడలేదు.

"మీ అమ్మ పేరేమిటి అంటున్నాడు."

"చెప్పు. ఉన్న పేరే చెప్పు."

పిట్ట చెప్పింది. ఆ మనిషి ఫోను వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. అతని భుజాలు కాస్త దిగాయి. అప్పుడు తాతకు ఒకటి అర్థమైంది. ఇతను పట్టుకోవడానికి రాలేదు. చెల్లెలు కాదనిపించుకోవడానికి వచ్చాడు.

కానీ తల ఊపి వెళ్ళిపోలేదు. ఆలోచించాడు. అడిగాడు. ఈసారి పిట్ట వెంటనే తెలుగులో చెప్పలేకపోయింది.

"తాతా, నేను మీవాళ్ళతో కలిసి పనిచేశాను, మీ పద్ధతులు నాకు తెలుసు అంటున్నాడు. పాస్టరు భార్యకి ఈ స్నానం పెళ్ళికి ముందే అయిపోవాలి కదా అంటున్నాడు. ఇంత పెద్ద కూతుర్ని పెట్టుకుని ఇప్పుడేమిటి అంటున్నాడు."

మెట్ల కింద ఎవరో తలుపు తీసి మళ్ళీ వేసుకున్నారు. తాత తలుపు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నమ్మలేదని చెప్పు."

"ఎవరు?"

"మీ అమ్మ. దేవుణ్ణి నమ్మలేదని చెప్పు. మొగుడి కోసం పైకి ఊరికే పాడింది, ప్రార్థన చేసినట్టు తల వంచుకుంది, అంతే. మొన్ననే మనసు మారిందని చెప్పు."

"అమ్మ అలా కాదు కదా తాతా."

"చెప్పవే."

పిట్ట మొదలుపెట్టింది. వెనక గదిలో మిషను చప్పుడు ఆగింది.

కూతురు వచ్చి గది గుమ్మంలో నిలబడింది. తాత వెనక్కి తిరగకుండానే, బస్సులో స్టేజీలు చదివినట్టు చదివాడు.

"నీళ్ళలో ఉన్నది నువ్వేనని చెప్పాను. ఇంతకాలం నీకు నమ్మకం లేదని చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పాలి."

కూతురు కదల్లేదు. ఆవిడకు బాప్తిస్మం పన్నెండో ఏట అయింది. ఊరి బయట కాలువలో, గట్టు మీద తల్లి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉండగా. ఆ రోజు నుంచి ఆవిడ ఒక్క ఆదివారం ఆరాధన మానలేదు. జ్వరంలో మానలేదు. తల్లి శవం ఇంట్లో ఉండగా కూడా పాట ఎత్తుకున్నది ఆవిడే. అదంతా తాతకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు.

ఆవిడ ముందుకొచ్చింది. ఆ మనిషి ముఖంలోకి చూసి అతని భాషలో మాట్లాడింది. మెల్లగా, తొట్రుపడకుండా. తాతకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిట్ట ఆయన మోచేతి దగ్గర గుసగుసలాడింది.

"అమ్మ అవునంటోంది. ఇన్నాళ్ళూ అంతా ఉత్తదే అంటోంది."

ఆ మనిషి గోడకు ఆనుకున్నాడు. ఎర్రటి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అతను చెప్పిందంతా పిట్ట నోటి వెంట తెలుగులో, చిన్నపిల్ల గొంతుతో వచ్చింది. అలా వింటుంటేనే తాతకు ఎక్కువ భయమేసింది.

"చెల్లెల్ని గదిలో పెట్టి తాళం వేశాడంట. తాళం చెవి తన దగ్గరే ఉందంట. చీకటి పడే లోపల పెదనాన్నలు ఇద్దరు వస్తారంట. వాళ్ళూ వీడియో చూశారంట. అది చెల్లెలు కాదని తను చెప్తే వింటారంట, కానీ తనకి ముందు నమ్మకం కుదరాలంట. కాదని చెప్పాక అవునని తేలితే, వాళ్ళు... తాతా, ఆ మాట నాకు తెలుసు, కానీ నేను చెప్పను."

ఎవరూ చెప్పమనలేదు.

కింద మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అల్లుడు. పైకి వచ్చి ఆ మనిషిని చూసి మూడు మెట్ల కింద ఆగిపోయాడు. వీధి దాకా వెళ్ళి ఏం చూశాడోగానీ, ఎవరి ఇల్లు చూడటానికి పోయాడో ఆ ఇంటి మనిషే తన గుమ్మంలో ఉన్నాడు.

ఆ మనిషి అతనికి ఫోను చూపించి రెండు ముక్కలు అడిగాడు. అల్లుడు భార్య వైపు చూశాడు. అల్లుడు అబద్ధం ఆడే మనిషి కాడు. చిల్లర ఎక్కువిస్తే రెండు వీధులు నడిచి వెళ్ళి తిరిగి ఇచ్చొచ్చే రకం. ఆ నిజాయితీని చూసే తాత భార్య ఇతణ్ణి అల్లుడిగా చేసుకుంది. ఇప్పుడు అదే నిజాయితీ టైలరమ్మ మెడ మీద కత్తిలా ఉంది.

"నీళ్ళలో ఉన్నది అమ్మేనా, పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పమంటున్నాడు," అంది పిట్ట.

కూతురే లోపలికి వెళ్ళింది. బల్ల మీద ఉన్న బైబిలు తెచ్చి రెండు చేతులతో భర్త ముందు పట్టుకుంది. "పెట్టండి," అంది. అంతే.

అల్లుడు చెయ్యి పెట్టాడు. భార్య ముఖం చూస్తూ ఏదో అన్నాడు.

తాత పిట్ట భుజం కదిపాడు.

"నాన్న... నా భార్యే అన్నాడు."

ఆ మనిషి తల ఊపాడు. ఫోను జేబులో వేసుకున్నాడు. అల్లుడు అతణ్ణి తప్పుకుని లోపలికి వచ్చి, గోడ పట్టుకుని నడుస్తూ వెనక గదిలోకి పోయాడు. కూతురు బైబిలు గుండెకు అదుముకుని అతని వెనకే వెళ్ళింది. గుమ్మంలో తాత, పిట్ట మిగిలారు.

ఆ మనిషి నాలుగు మెట్లు దిగి ఆగాడు. వెనక్కి తిరిగి పిట్టను వేలితో పిలిచాడు. తాత వద్దనే లోపల అది దిగి వెళ్ళింది. అతను దాని ఎత్తుకు వంగి ఏదో అడిగాడు. అది జవాబు చెప్పింది. తాత ఒక చెవి బస్సు ఇంజను పక్కనే పోయింది, రెండో చెవికి ఆ గుసగుస అందలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాడు. ఆ మనిషి పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశాడు. తల ఊపలేదు. దాని తల మీద చెయ్యి వేసి తీశాడు. దిగి వెళ్ళిపోయాడు.

పిట్ట పైకి వచ్చింది. తాత తలుపు వేసి గొలుసు పెట్టాడు.

వెనక గదిలో అల్లుడు ముసుగు కప్పిన మిషను పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మామయ్యగారూ, మీరు నాతో ప్రమాణం చేయించారు."

"చేయించింది నేను కాదు. మీ ఫోను."

"ఇక నేను ఏ ముఖంతో ప్రసంగం చెప్పను? పెద్దలకు ఫోను చేస్తాను. జరిగింది చెప్పి, సేవ వదిలేస్తున్నానని చెప్తాను. వెళ్ళిపోదాం ఇంటికి."

"చెప్పండి," అంది కూతురు. "అది కూడా తెర మీద వేస్తారు."

అల్లుడు చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. ఆవిడ ఇన్నేళ్ళలో అతనితో అలా మాట్లాడటం తాత వినలేదు. వినాలని ఎన్నాళ్ళుగానో ఉండేది. ఇప్పుడు వింటే ఏమీ బాగాలేదు.

"అమ్మ గట్టు మీద నిలబడి ఏడ్చింది, సంతోషంతో," అంది కూతురు తండ్రి వైపు తిరిగి. "ఇవాళ అది జరగనే లేదన్నాను. అమ్మ లేదనుకో నాన్నా. ఉంటే ఏమనేది?"

ఉండి ఉంటే ఏమనేదో తాతకు తెలుసు. ఆ టైలరమ్మ ప్రాణం ముందు చూడండి అనేది. ఆ తర్వాత తలుపు వేసుకుని ఒక్కతే ఏడ్చేది. రెండోది కూతురికి చెప్పలేడు, అందుకని మొదటిదీ చెప్పలేదు.

ఆయన ముందు గదిలో కిటికీ దగ్గరికి వచ్చాడు. పొద్దు వాలుతోంది. ఎదురుగా మూసి ఉన్న దుకాణం షట్టరు ముందు ఆ మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. ఫోను చెవి దగ్గర ఉంది. మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూ తలెత్తి ఈ కిటికీ వైపే చూశాడు. తాత పరదా వెనక్కి జరిగాడు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

పిట్ట వచ్చి పక్కన నిలబడింది. బూటు ఒకటి కాలికే ఉంది, రెండోది ఎక్కడుందో.

"తాతా, మెట్ల మీద ఆయన నన్నేమడిగాడో చెప్పనా?"

ఆయన దాని ముఖం చూశాడు. దానికి మాటలు వచ్చిన రోజు నుంచి నేర్పిందల్లా ఒకటే, నిజం చెప్పాలని. నేర్పింది అల్లుడు, కూతురు, పోయిన ముసలిది. తను కూడా.

తాత క్షమించినవాళ్ళు ఎవరూ లేరు. అల్లుణ్ణి క్షమించలేదు. తెర కట్టిన పెద్దలను క్షమించలేదు. పేరు పంచిపెట్టినందుకు కూతుర్ని, తనకంటే ముందు పోయినందుకు భార్యను కూడా క్షమించలేదు. పెట్టుకున్న కోపం ఏదీ ఆయన ఇంతవరకు దించుకోలేదు, దించుకోవడం ఆయనకు చేతకాదు. ఆ వరసలో లేనిది ఈ లోకంలో ఈ పిల్ల ఒక్కతే. ఇప్పుడు అది నోరు తెరిస్తే, చెప్పింది నిజమైతే, దాన్ని కూడా తీసుకెళ్ళి వాళ్ళ పక్కన నిలబెట్టాలి. అబద్ధమైతే, ఆ అబద్ధం నేర్పిన చోట తనే నిలబడాలి.

"మీ అమ్మ మాట నిజమేనా అని అడిగాడు తాతా. నేనేమో..."

"ఆపు."

"నేను ఏం చెప్పానంటే..."

"ఆపమన్నాను."

ఎదుటి షట్టరు చప్పుడైంది. ఆ మనిషి వెళ్ళాడో, ఇంకెవరైనా వచ్చి కలిశారో. తాత లేచి చూడలేదు.

"మీ నాన్నతో చెప్పుకో. మీ అమ్మతో చెప్పుకో. వాళ్ళు అడుగుతారు, వాళ్ళకి కావాలి. నాకు వద్దు. ఇవాళ ఆ గుమ్మంలో ఎవరు ఏమన్నారో, ఆ మెట్ల మీద నువ్వు ఏమన్నావో, నేను అడగను. నువ్వు చెప్పినా వినను. చీకటి పడ్డాక ఏ కబురొచ్చినా సరే, రేపైనా, నువ్వు పెద్దదానివయ్యాకైనా, నేను మంచాన పడ్డాకైనా, ఈ మాట నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను. ఇదే ఆఖరు."